రెండు కళ్ళ కాఫీ కప్పు

“పంచదార సరిపోయిందాండి?” అని అడిగింది సుప్రజ.

ఐదేళ్ళ పిల్ల. వీధి అరుగు మీద నా ఎదురుగా మఠం వేసుక్కూర్చుని, బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ కప్పులో లేని కాఫీ పోసి నా చేతికిచ్చింది. నేను ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుని తాగి, కాస్త ఎక్కువైందన్నాను. షుగరున్నదాన్ని, ఆటలోనైనా జాగ్రత్తపడాలి కదా.

“అయితే ఇంకోటి తాగండి. చేదుగా కలుపుతాను” అంది.

రెండో కాఫీ అందుకుంటూ ఆ చేతులు చూశాను. అరచేతులు ఉడికిన రొయ్యల్లా ఎర్రగా ఉన్నాయి. వేళ్ళ చివర చర్మం పొరలు పొరలుగా లేచిపోతోంది. పాదాలూ అంతే. చలికి నేను శాలువా కప్పుకుని కూర్చుంటే, పిల్ల నుదుటి మీద చెమట బొట్లు కట్టి ఉంది. ఉండుండి చేతులు గౌనుకేసి రుద్దుకుంటోంది.

“మంటగా ఉందామ్మా?”

“రాత్రి మంట. పొద్దున్న దురద.” డాక్టరుకి చెప్పీ చెప్పీ అలవాటైపోయినట్టుంది, ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పింది. వెంటనే కప్పు తిరగేసి చూపించింది. “ఈ కప్పుకి కింద రెండు కళ్ళున్నాయి చూడండి. మీరే ఉంచుకోండి. నాకింకా ఉన్నాయి.”

నిజమే. అడుగున లోహపు బిళ్ళ మీద రెండు చిన్న బొడిపెలు కళ్ళలా ఉన్నాయి. కప్పుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. నా సర్వీసు మొత్తంలో ఒక సాక్షి నాకు ముట్టజెప్పిన కానుక అదొక్కటే. కాదనబుద్ధి కాలేదు.

నా పేరు నూకరత్నం. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై రాజమండ్రిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. బోర్డు చూసి హత్యలు పట్టేస్తుంటానని అనుకోకండి. పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా చేస్తున్నాడా, ఇలాంటివి తేల్చడమే నా పని. కడియం నర్సరీల మధ్యనున్న ఈ ఇంటికి నన్ను పిలిపించింది సుప్రజ మామ్మ పాపాయమ్మగారు. “నా కోడలు నా మనవరాలికి విషం పెడుతోంది రత్నమ్మా. పోలీసులకి అనుమానం ఉంది గానీ సాక్ష్యం లేదు. నువ్వు పట్టుకో” అన్నారు ఫోన్లో. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు, ఏడుపు వచ్చేసి.

మిగిలింది నేను తెలుసుకున్నాను. దసరా వెళ్ళాక పిల్లకి చెమటలు మొదలయ్యాయి. తర్వాత అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడ్డాయి. నిద్ర పోయింది. అస్తమానం నవ్వే పిల్ల దగ్గరికొచ్చిన వాళ్ళని కొట్టడం, జుట్టు పీక్కోవడం, మెట్లెక్కలేక కూలబడిపోవడం. కాకినాడలో ఆసుపత్రిలో చేరిస్తే మూత్రపరీక్షలో పాదరసం బయటపడింది. మందులిచ్చారు, తగ్గింది. ఇంటికి తీసుకొచ్చారు, నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ మొదలైంది. అంటే విషం ఇంట్లోనే ఉంది. డాక్టరు పోలీసులకి చెప్పాడు. పోలీసుల చూపు ఎవరి మీద పడుతుందో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ కోడలు ప్రణతి సుప్రజకి కన్నతల్లి కాదు.

పైగా ప్రణతి పెళ్ళికి ముందు ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసింది. పుచ్చుపళ్ళు పూడ్చడానికి పాదరసం వాడేవాళ్ళని ఎస్సై జయపాల్ ఎవరి దగ్గరో విన్నాడు. ఆమె బీరువాలో చీరల కింద ఎలుకల మందు పొట్లం కూడా దొరికింది. మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చి ఆమెని స్టేషన్‌కి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడట. నాకున్న వ్యవధి అంతే.

ప్రణతి వంటింట్లో ఉంది. పాతికేళ్ళుంటాయేమో. పిల్లకి జావ కలుపుతూ, నన్ను చూసి పీట వాల్చింది.

“మీ అత్తగారు పిలిపిస్తే వచ్చాను. నీకు వ్యతిరేకంగా సాక్ష్యం వెతకడానికి” అన్నాను. దాచడం నాకు చేతకాదు.

“తెలుసండి. కూర్చోండి.”

“పిల్లకి అన్నం ఎవరు పెడతారు?”

“నేనేనండి. నా కంచంలోంచే పెడతాను. వేరే కంచంలో పెడితే తినదు.”

“అయితే నీకూ రావాలి కదా, ఆ జబ్బు?”

“ఎస్సైగారితో అదే అన్నానండి. జావలో వేరేగా కలిపి ఉంటావన్నారు.” గరిటె పక్కన పెట్టింది. “పళ్ళ డాక్టరు దగ్గర నేను కౌంటర్లో టోకెన్లు ఇచ్చేదాన్నండి. అక్కడ తెల్ల సిమెంటే తప్ప పాదరసం నేనెప్పుడూ చూడలేదు.”

“మరి ఎలుకల మందో?”

“పందికొక్కులండి. ఈ నర్సరీల్లో అన్నీ తవ్వేస్తాయి కదా. దసరా ముందు అత్తయ్యగారి గదిలో నేల కూడా తవ్వేశాయి. పాప నిద్రపోతుంటే ఒకటి కాలివేలు కొరికింది. రక్తం చూసి అత్తయ్యగారు రెండ్రోజులు అన్నం తినలేదు. నేనే మందు కొనుక్కొచ్చాను. పాప చేతికి అందకుండా చీరల కింద దాచాను. పెట్టే పనే పడలేదు, వాటంతటవే పోయాయి.”

“వాటంతటవే?”

“ఆయ్.”

పందికొక్కు ఒకసారి ఇల్లు మరిగిందంటే అద్దెకున్నవాడికన్నా గట్టిగా కూర్చుంటుంది. వాటంతటవి పోవడం నేనెక్కడా వినలేదు. ఆ మాట మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

“ఇవాళ నిన్ను తీసుకెళ్ళిపోతారని తెలుసు కదా. భయం లేదా?”

ప్రణతి కళ్ళు అప్పుడు నిండాయి. “నేను వెళ్ళిపోతే పాప బాగుపడుతుందంటే ఇప్పుడే వెళ్ళిపోతానండి. కానీ నేనేం పెట్టలేదు కదా. నేను వెళ్ళినా తగ్గదు. నేను దొరికానని ఇంకెవరూ వెతకరు. పాపకి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. అదండి నా భయం.”

చాలామంది ముద్దాయిల ఏడుపులు చూశాను. తన కోసం ఏడ్చేవాళ్ళని చూసీ చూసీ గుండె కాయ కాచిపోయింది. ఈ ఏడుపు అలాంటిది కాదు. దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపించింది. డిటెక్టివులు అలా చెయ్యకూడదు కాబట్టి, జావ మాడుతోందని చెప్పి బయటికొచ్చాను.

పాపాయమ్మగారు వసారాలో నా కోసం కాఫీ కలిపి ఉంచారు. ఇది నిజం కాఫీ. గ్లాసు, గిన్నె ఆవిడ చేతిలో గలగలలాడుతూ వచ్చాయి. సగం కాఫీ గిన్నెలోకే ఒలికింది.

“కోపంతోనమ్మా” అన్నారు. “దాన్ని చూస్తే వణుకొచ్చేస్తోంది.”

నేను వచ్చేటప్పుడు గుమ్మంలో ముగ్గు చూశాను. చుక్కలన్నీ వరసలోనే ఉన్నాయి గానీ గీతలు మాత్రం వంకర్లు పోయాయి. తెల్లవారుఝామున ఎవరూ ఎదురుగా లేనప్పుడు కూడా కోపం వస్తుందా?

“ముగ్గు మీరే వేశారాండి?”

“ఇంకెవరేస్తారు? పోయినేడు వరకు ఈ వీధిలో నా ముగ్గు చూసి ఫోటోలు తీసుకునేవారు. ఇప్పుడు చెయ్యి మాట వినట్లేదు. వయసొచ్చేసింది. చిగుళ్ళు కూడా రక్తం కారుతున్నాయి.”

“నిద్రపడుతోందా?”

“పిల్ల నిద్రపోకపోతే నాకెలా పడుతుందమ్మా? నా గదిలోనే పడుకుంటుంది. నేను మంచం మీద, అది కింద పరుపు మీద. మంచం మీంచి దొర్లి పడిపోతుందని కిందే వేస్తాను. చెమటలు పోస్తున్నాయని తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేస్తాను. పగలు కూడా అక్కడే పడుకోబెడుతున్నాను, ఆ మహాతల్లి దగ్గరికి పోకుండా.”

“మీరు మీ కోడలి చేతి వంట తింటారా?”

“చచ్చినా ముట్టను! మా అబ్బాయికి రెండో పెళ్ళైన కాణ్ణుంచి నా పొయ్యి వేరు, నా గిన్నెలు వేరు. పాలు కూడా నేనే కాచుకుంటాను. దాని చేతి మంచినీళ్ళు కూడా తాగలేదు నేను.”

గ్లాసు కింద పెట్టాను. ఆవిడకి తెలియకుండానే ఆవిడ నాకు సగం కేసు తేల్చిపెట్టేశారు. ఆ సగం నాకేమీ నచ్చలేదు.

బయట జీపు ఆగింది. జయపాల్, వెనక ఒక మహిళా కానిస్టేబులు దిగారు. కుర్రాడు చురుకైనవాడే. ఎస్సైగా కొత్తలో మా స్టేషన్‌లోనే ఉండేవాడు, ఎఫ్‌ఐఆర్ ఎలా రాయాలో నా పక్కన కూర్చునే చూసుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఎక్కడా చెప్పుకోడు.

“రత్నంగారా! ఈ నెల ముహూర్తాలు లేవు కదా, ఖాళీగా ఉండి ఇటొచ్చారా?”

“మీరు తప్పు మనిషిని తీసుకెళ్తుంటే చూద్దామని వచ్చానండి ఎస్సైగారూ.”

“పెళ్ళి సంబంధం కాదండి ఇది. పిల్ల ప్రాణం.”

“అందుకే అంటున్నా. పాదరసం మింగితే చాలావరకు బయటికి పోతుంది, పీలిస్తేనే ఒంటికి పడుతుందని డాక్టరు నిన్న నాతో అన్నాడు. మీరు ఆయన్ని అడిగారా?”

“విషం అన్నాడు, చాలు. ఎలా ఎక్కించిందో ఆవిడే చెబుతుంది.”

“ఆవిడ చేతి నీళ్ళు కూడా ముట్టని మనిషికి అదే జబ్బు వస్తే?”

జయపాల్ నుదురు చిట్లించాడు. “ఎవరికి?”

“పాపాయమ్మగారి చేతులు చూడండి. చిగుళ్ళు అడగండి. నిద్ర అడగండి. కోడలి కంచంలో తిన్న పిల్లకి జబ్బు, కంచమే పంచుకున్న కోడలికి లేదు, ఆ కంచం వంక చూడని అత్తగారికి ఉంది. ఇంక కంచంలో ఏముంటుందండి?”

“డెబ్భై ఏళ్ళావిడకి చేతులు వణక్కపోతే ఏం చేస్తాయండి? మా అమ్మకీ వణుకుతాయి.” గొంతు తగ్గించాడు. “రత్నంగారూ, మీరంటే నాకు గౌరవం ఉంది. కానీ పై నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఇవాళ అరెస్టు చూపించాలి.”

“ఎవరో ఒకర్ని చూపించేస్తే పిల్లకి తగ్గిపోతుందా జయపాల్?”

‘గారు’ వదిలేశానని ఇద్దరికీ తెలిసింది. అతను మొహం తిప్పుకున్నాడు. వసారా చివర ప్రణతి జావ గిన్నెతో నిలబడి ఉంది. సుప్రజ ఆమె కాళ్ళకి చుట్టుకుని, యూనిఫాం వైపు గుర్రుగా చూస్తోంది.

“పావుగంట. అంతకు మించి ఆగను” అన్నాడతను.

పాపాయమ్మగారి గది పెద్దదేం కాదు. మంచం, బీరువా, ఏసీ, కింద చిన్న పరుపు. కిటికీలు రెండూ బిగించి ఉన్నాయి. తలుపు కింద సందులో పాత చీర దోపి ఉంది. ముందు ఏసీ ఆపాను. కిటికీలు బార్లా తెరిచాను. “అటే ఉండండి, ఎవరూ లోపలికి రావద్దు” అని కేకేసి, జయపాల్ గుమ్మంలోంచి వింతగా చూస్తుండగా, పిల్ల పరుపు మీద పడుకున్నాను.

నవ్వొస్తే నవ్వండి. ఐదేళ్ళ పిల్ల ఏం పీలుస్తోందో తెలియాలంటే ఆ పిల్ల ముక్కు ఉన్న ఎత్తులోనే మన ముక్కూ ఉండాలి. తలగడ దగ్గర ఒక గుడ్డబొమ్మ ఉంది. దాని అరచేతులకి ఎవరో కొబ్బరినూనె రాశారు. మంటగా ఉంటుందని బొమ్మకి కూడా రాసినట్టుంది సుప్రజ. అది చూసి నా కళ్ళు మసకబారాయి. తుడుచుకుని పని చూసుకున్నాను.

పక్కకి తిరిగితే మంచం కింద గోడ మూల కనిపించింది. నిలబడితే కనపడదు. నేల, గోడ కలిసేచోట మూడు నాలుగు పెద్ద కన్నాలు, వాటిని మట్టి, పేడ కలిపి మెత్తి పూడ్చారు. మట్టి ఎండి బీటలు వారింది. ఒకచోట పందికొక్కు మళ్ళీ గీరినట్టుంది, పెళ్ళ ఊడింది. ఆ లోపల గాజుపెంకులు మెరుస్తున్నాయి. చుట్టూ నేల మీద సన్నటి తెల్ల పొడి. ముగ్గుపిండి ఒలికిందనుకుంటారు ఎవరైనా.

పందికొక్కులు ఎందుకు పోయాయో తెలిసింది. కన్నంలో గాజుపెంకులు కూరి మూసేస్తే అవి మళ్ళీ తవ్వలేవు. మా అమ్మా అలాగే చేసేది, సోడాబుడ్డి పెంకులతో. కానీ ఇవి సోడాబుడ్డి పెంకుల్లా మందంగా లేవు. కాగితంలా పల్చగా, గొట్టంలా వంపు తిరిగి ఉన్నాయి.

వెల్లకిలా తిరిగి ఆలోచిస్తూ పైకి చూశాను. గోడ మీద, ఏసీ పక్కన, ఖాళీ బల్బు హోల్డరు ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని లోపల రెండు చిన్న పుల్లలు.

గబుక్కున లేచి హ్యాండ్‌బ్యాగులోంచి సుప్రజ ఇచ్చిన కాఫీ కప్పు తీసి తిరగేశాను. లోహపు బిళ్ళ. రెండు బొడిపెలు. హోల్డరులో రెండు పుల్లలకి తగిలేవి అవే. అది కప్పు కాదు. మెలికల సీఎఫ్‌ఎల్ బల్బు విరగ్గొట్టాక మిగిలిన అడుగు భాగం.

బయటికొచ్చి, మొక్కల లారీతో నాగపూర్ వెళ్ళిన గణేష్‌బాబుకి ఫోన్ చేశాను. సుప్రజ తండ్రి. స్పీకరు ఆన్ చేసి జయపాల్ ముందు పెట్టాను.

“మీ ఇంట్లో పాత సీఎఫ్‌ఎల్ బల్బులేమైనా ఉన్నాయాండి?”

“మా చామంతి మడులవి ఉన్నాయండి. రాత్రిళ్ళు బల్బులేస్తేనే కదండి మొక్క తొందరపడి మొగ్గెయ్యకుండా ఏపుగా ఎదుగుద్ది. ఈ ఏడు మొత్తం ఎల్‌ఈడీలకి మార్చేశాం. పాతవి పగలకుండా అట్టపెట్టెల్లో సర్ది సామాన్ల గదిలో పెట్టానండి. పాత ఇనుము కొనేవాళ్ళు అవి తీసుకోరు. వాటిని విడగొట్టి శుద్ధి చేసే ఫ్యాక్టరీ ఉందట. మా రైతులందరివీ కలిపి ఒక వ్యాను నిండితే వాళ్ళే వచ్చి పట్టుకెళ్తామన్నారు.”

“మరి పెట్టెల సంగతి మీ అమ్మగారికి చెప్పారా?”

“పగలగొట్టకండి అని చెప్పానండి.”

“ఎందుకు పగలగొట్టకూడదో చెప్పారా?”

అటునుంచి లారీ హారను మాత్రం వినిపించింది. “లేదండి” అన్నాడు చివరికి. “లోపల పాదరసం ఉంటుందని... చెప్పలేదండి. అమ్మకేం తెలుస్తుందిలే అనుకున్నాను.” తర్వాత గొంతు మారిపోయింది. “ఏమైందండి? పాపకేమైంది?”

పాపాయమ్మగారు వింటూనే ఉన్నారు గానీ ఆవిడకింకా అందలేదు. పైగా మొహంలో కొంచెం గర్వం కూడా వచ్చింది. “ఆ కన్నాలు నేనే కూరానమ్మా. వీళ్ళెవరి వల్లా కాలేదు. పిల్ల వేలు కొరికిందని మూడు పెట్టెల బల్బులు పొత్రంతో నలగ్గొట్టి కూరాను. బయట కొడితే పెంకులు చెదిరి పిల్ల కాళ్ళలో గుచ్చుకుంటాయని గదిలోనే, తలుపేసుకుని కొట్టాను. బల్బుల అడుగులు కడిగి పిల్లకి ఆటకిచ్చాను. మళ్ళీ ఒక్క పందికొక్కు రాలేదు.”

నేనే చెప్పాలి. నన్ను పిలిపించింది ఆవిడే, నా సమాధానం ఆవిడకే చెందాలి.

ఆవిడ పక్కన కూర్చుని ఆ వణికే చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. “పాపాయమ్మగారండి, మెరిసే ఆ బల్బుల లోపల పాదరసం ఉంటుంది. ఒకటి పగిలితే కిటికీలు తీసి ఎత్తేసుకుంటే సరిపోతుంది. మూడు పెట్టెలు మూసిన గదిలో పగిలితే ఆవిరై అక్కడే ఉండిపోతుంది. కంటికి కనపడదు, వాసన రాదు. నేలకి దగ్గరగా పడుకున్న వాళ్ళకి ఎక్కువ పడుతుంది. మీ చేతికొచ్చింది వయసు కాదండి. పిల్లకొచ్చిందే మీకూ వచ్చింది.”

ఆవిడ నా మొహం చూశారు. గది వైపు చూశారు. ఏసీ, బిగించిన కిటికీలు, కింద పరుపు, ఒక్కొక్కటీ ఆవిడ కళ్ళలో తిరగడం నాకు కనిపించింది. ఒక్క ఉదుటున లేచి మూలనున్న చీపురు అందుకున్నారు.

“ఇప్పుడే ఊడ్చేస్తాను! మొత్తం ఊడ్చిపారేస్తాను!”

“చీపురు ముట్టకండి!” నేనూ, ఎప్పుడొచ్చిందో ప్రణతీ ఒకేసారి అరిచాం. “ఊడిస్తే ఇంకా పైకి లేస్తుందండి. అట్టముక్కతో ఎత్తి, పొడిని టేపుకి అంటించి, బిగుతు మూతున్న సీసాలో పెట్టాలట. అదైనా మనం కాదు, తెలిసినవాళ్ళొచ్చి చెయ్యాలి. అందాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు” అని నేను పూర్తి చేశాను.

చీపురు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. “అయితే... రోజూ ఊడ్చాను కదమ్మా. రోజూ రెండుపూటలా ఊడ్చాను. పిల్ల పడుకునే చోటని.” అని జయపాల్ వైపు తిరిగి రెండు చేతులూ ముందుకి చాపారు. “నన్ను తీసుకెళ్ళండి బాబూ. నా చేతుల్తో నేనే పెట్టాను దానికి. నేనే పెట్టాను.”

జయపాల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇందాకటి బింకం ఎక్కడా లేదు. “తీసుకెళ్తానండి” అన్నాడు మెల్లగా. “ఆసుపత్రికి. మిమ్మల్నీ, పాపనీ. మా జీపులోనే.”

ప్రణతి వచ్చి అత్తగారి చాపిన చేతులు పట్టుకుంది. ప్రణతి కాపురానికొచ్చిన రెండేళ్ళలో ఆ ఇద్దరి చేతులు కలవడం అదే మొదటిసారేమో, ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. “పాప వేలు కొరికిన రోజు మీరు అన్నం తినలేదు అత్తయ్యగారూ. నాకు గుర్తుంది” అంది ప్రణతి. అంతే. పాపాయమ్మగారు కోడలి భుజం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. డిటెక్టివులు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు.

కాసేపయ్యాక జయపాల్ నా పక్కకొచ్చాడు. “ఎలుకల మందు పొట్లం సీలు కూడా తియ్యలేదని నేనూ చూశానండి. కానీ ఎలుకలు ఎలా పోయాయని అడగలేదు.”

“ఈసారి అడుగుతారులెండి” అన్నాను. దెప్పుదామనుకున్నాను గానీ మనసు రాలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. జీపు ఎక్కించే ముందు సుప్రజ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. “కాఫీ కప్పులన్నీ నాకిచ్చేస్తావా తల్లీ? నీకు కొత్తవి కొనిపెడతాను. పింగాణీవి.”

కాసేపు బేరం ఆలోచించి, గౌను జేబులోంచి తీసి ఒక్కొక్కటే నా కవరులో వేసింది.

“ఇంతేనా? ఇంకా ఎక్కడైనా ఉన్నాయా?”

“నా దగ్గర ఇవే. మా బళ్ళో బోల్డున్నాయి.”

“ఏ బళ్ళో?”

“అంగన్‌వాడీలో. నాకు జొరం రాకముందు వెళ్ళేదాన్ని కదా. మామ్మ అక్కడ కూడా ఇచ్చింది. అందరం కాఫీ ఆడుకునేవాళ్ళం.”

పాపాయమ్మగారి వైపు చూశాను. జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆవిడ అలాగే ఆగిపోయారు.

“వెనక వీధిలో... మా పాత పెంకుటిల్లే కదమ్మా, అంగన్‌వాడీకిచ్చాం” అన్నారు. ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు వచ్చింది. “పోయిన నెల పందికొక్కులు పిల్లల బియ్యం తినేస్తున్నాయని సూర్యకళ టీచరు ఏడిస్తే... మిగతా పెట్టెలన్నీ పట్టుకెళ్ళి, పిల్లలు పడుకునే గదిలో నేనే...”

భోజనాల వేళ దాటింది. అన్నాలు తిన్న పిల్లలు ఈపాటికి చాపల మీద పడుకుని ఉంటారు, నేలని ఆనుకుని.

మొదట పరిగెత్తింది ప్రణతి. కాళ్ళకి చెప్పుల్లేవు. ఆమెని అరెస్టు చెయ్యడానికొచ్చిన ఎస్సై ఆమె వెనకాల, అతని వెనకాల కానిస్టేబులు. సుప్రజని డ్రైవరుకి అప్పగించి నేనూ పరిగెత్తాను, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత వరకు. వెనక ఎక్కడో పాపాయమ్మగారి ఏడుపు వినిపిస్తూనే ఉంది, దగ్గరవుతూనే ఉంది. ఆ వయసులో, ఆ కాళ్ళతో ఆవిడ కూడా వస్తున్నారు.

అంగన్‌వాడీ తలుపు వేసి ఉంది. చలిగాలి రాకుండా కిటికీలు కూడా వేసేశారు. సూర్యకళ టీచరు తలుపు ఓరగా తీసి, నోటి మీద వేలుపెట్టుకుంది. “చప్పుడు చెయ్యకండి, ఇప్పుడే పడుకున్నారు.”

ప్రణతి ఆమెని తోసుకుని లోపలికెళ్ళింది. జయపాల్ రెండు చేతులా ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని బయటి ఎండలోకి తెచ్చాడు. కానిస్టేబులు ఇంకో ఇద్దర్ని తెచ్చింది. గుమ్మం దాకా వచ్చిన పాపాయమ్మగారు చేతులు చాపారు గానీ, ఆ వణుకుతో ఎత్తలేకపోయారు. ప్రణతి ఒక చంటిదాన్ని ఆవిడ ఒడిలో పెట్టి, కింద తన చెయ్యి ఆన్చింది. అలా ఇద్దరూ కలిసి మోసుకెళ్ళారు.

గోడవారగా, కొత్తగా మెత్తిన మట్టికి ఆనుకుని ఒక్క పిల్లాడు మిగిలాడు. వాణ్ణి నేను ఎత్తుకున్నాను. వాడికి మెలకువ రాలేదు, నా మెడ చుట్టూ చెయ్యి వేసి ఇంకా సర్దుకుని పడుకున్నాడు. మెట్లు దిగి ఎండలోకి రాగానే వాడి గుప్పిట విప్పుకుని నా భుజం మీదికి జారింది. అరచెయ్యి చెమటతో తడిగా ఉంది. ఎర్రగా ఉంది.